గర్భసంచి తీయించెయ్యమనే సలహాకు ఒక బహిరంగ లేఖ

గర్భసంచి తీయించెయ్యమనే సలహాకు,

నువ్వు మా ఊళ్లలోకి ఎన్ని దారుల్లో వస్తావో చూస్తూనే ఉన్నాను. ఆర్‌ఎంపీ డాక్టరు నోట వస్తావు, స్కానింగ్ సెంటర్ బెంచీ మీద పక్కన కూర్చున్నావిడ నోట వస్తావు. ‘పిల్లలు పుట్టేశారు, కు.ని. ఆపరేషనూ అయిపోయింది, ఇంక ఆ సంచితో పనేముంది? ఉంచుకుంటే క్యాన్సరవుతుంది’ అంటావు. తెల్లబట్టకూ అదే మాట, ముట్టు ఎక్కువైనా అదే మాట, స్కాన్‌లో రెండు సెంటీమీటర్ల గడ్డ కనిపించినా అదే మాట.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. మా నేల మీద ఆడవాళ్లకు వేరే జబ్బేమీ లేదు. ఇక్కడ నీ మాట చెల్లుతోంది, అంతే.

ఈ ఆపరేషనే వద్దని నేననను. క్యాన్సర్ తేలినప్పుడు, మందులకు లొంగని రక్తస్రావంతో మనిషి పాలిపోతున్నప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది. నా కోపమంతా నువ్వు క్యాన్సర్ పేరు వాడుకునే తీరు మీద.

ఫైబ్రాయిడ్ గడ్డలు క్యాన్సరుగా మారడం దాదాపు ఉండదు. లియోమయోసార్కోమా అనే అరుదైన కణితి వేరే ఉంది, అది స్కాన్‌లో మామూలు గడ్డలాగే కనిపించి మోసం చేయగలదు. గడ్డల కోసం ఆపరేషన్ చేయించుకునే 350 మందిలో ఒకరికి ఏదో ఒక రకం సార్కోమా దాగి ఉండవచ్చని 2014లో అమెరికా ఎఫ్‌డీఏ అంచనా కట్టింది. అంత ఉండదని వాదించిన డాక్టర్లూ ఉన్నారు. 2013లో బోస్టన్‌లో ఆమీ రీడ్ అనే మత్తు డాక్టరుకు మామూలు గడ్డలనుకునే సంచి తీశారు. మోర్సెల్లేటర్ అనే యంత్రంతో లోపలే ముక్కలు చేసి చిన్న రంధ్రాల్లోంచి బయటికి లాగారు. ఆ ముక్కల్ని ల్యాబ్‌లో పరీక్షిస్తే లియోమయోసార్కోమా అని తేలింది. లోపల ముక్కలు చేస్తే ఆ కణాలు కడుపంతా చెదిరే ప్రమాదం ఉంది. ఆరుగురు పిల్లల తల్లి ఆవిడ. భర్తతో కలిసి ఆ యంత్రం మీద పోరాడింది, 2017లో 44 ఏళ్లకే పోయింది.

అంత అరుదైన జబ్బును కూడా బయటపెట్టింది ల్యాబ్ పరీక్షే. మరి నువ్వేం చేస్తున్నావు? నీ మాట విని సంచి తీయించుకున్న మా పిన్ని ఫైలు నా దగ్గరుంది. స్కాన్ కాగితం, రక్తపరీక్ష, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు. బయాప్సీ రిపోర్టు లేదు. ఆపరేషన్‌కు ముందు లోపలి పొర ముక్క తీసి చూసిందీ లేదు, తీసిన సంచిని ల్యాబ్‌కు పంపిందీ లేదు. థియేటర్ తలుపు తీసి స్టీలు ట్రేలో పెట్టి బాబాయికి చూపించారు, ‘చూడండి, ఎంత పాడైపోయిందో’ అని. నిజంగా క్యాన్సర్ భయంతోనే కోశారా? అయితే ఆ ట్రే ల్యాబ్‌కు వెళ్లాలి, బాబాయి ముందుకు కాదు.

ఆ తర్వాతి కథ నువ్వు ఎక్కడా చెప్పవు. కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే నాళం గర్భసంచి రక్తనాళం కిందుగా, సెర్విక్స్‌కు (సంచి ముఖద్వారానికి) రెండు సెంటీమీటర్ల లోపే వెళుతుంది. కుట్టు కాస్త పక్కన పడినా, వేడి తగిలినా దానికి చిల్లు పడొచ్చు. మూత్రాశయానికీ అంతే. పిన్నికి పదిరోజులకు మూత్రం కారడం మొదలైంది. పాత చీర ముక్కలు మడిచి పెట్టుకునేది, వాసన వస్తుందని పెళ్లిళ్లకు రాలేదు, బస్సెక్కితే కూర్చునేది కాదు. ప్రభుత్వాసుపత్రిలో మళ్లీ ఆపరేషన్ చేసి సరిచేసేదాకా నెలలు గడిచాయి. అండాశయాలూ తీసేశారని అప్పుడే తెలిసింది. ముప్పై ఆరేళ్లకు ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రుళ్లు నిద్రలేకపోవడం. ముందు ముందు ఎముకలూ గుండే ఏం ఇబ్బంది పెడతాయోనన్న దిగులు.

ముట్టు ఎక్కువైనప్పుడు చూడాల్సినవి ఎన్నో ఉన్నాయి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, లోపలి పొర బయాప్సీ. ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలున్నాయి, హార్మోన్ ఉన్న లూప్ ఉంది, గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది. ముట్టు ఆగాక గడ్డలు చాలావరకు కుంచించుకుపోతాయి. ఇవేవీ నువ్వు చెప్పవు, వీటిలో చాలావాటికి థియేటర్ అక్కర్లేదు కదా.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద 2013లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. ఇలాంటి ఆపరేషన్లను అడ్డుకునే కేంద్రం మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. మా జిల్లాలో సంచి తీసిన ప్రతి ఆస్పత్రీ రోగి వయసు, కారణం, బయాప్సీ ఫలితం రాసి పంపుతోందో లేదో జిల్లా వైద్యాధికారికి దరఖాస్తు పెట్టి అడగబోతున్నాను. పిన్ని ఫైలు జిరాక్సు కూడా ఆ దరఖాస్తుకు జతచేస్తున్నాను, ఆవిడే సంతకం పెట్టి ఇచ్చింది.