నాలుగు ముక్కల కవి, నాలుగు గంటల సభ

జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ జనవరి 12న పుట్టి, 1993లో అదే తేదీన క్షయతో కన్నుమూశాడు. ఫొటో స్టూడియో నడుపుకుంటూ, చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పేసి పోయాడు. ఆ నాలుగు ముక్కల మీద మనవాళ్లు నాలుగు గంటలు దంచుతారు. వేదిక మీద కుర్చీలు చాలవు, కింద కుర్చీలు నిండవు. కోరుట్ల వక్త 'ఆధునిక జీవితం-తాత్త్విక శూన్యం' అని గొంతు పెంచుతుంటే, అధ్యక్షులవారు ఫోన్‌లో తన శాలువా ఫొటోకు లైకులు లెక్కపెట్టుకుంటారు. సినారె పేరెత్తని వక్త ఉండడు. ఆయన కావ్యం 'విశ్వంభర' ఎవరు చదివారని మాత్రం అడగొద్దు. సిరిసిల్లాయన ఆఖరి బస్సు గురించి తీవ్రంగా ఆలోచిస్తుంటాడు (సభ మొత్తానికి నిఖార్సైన చింతన అదే). వందన సమర్పణ దాకా కదలకుండా కూర్చునేది మైకు సెట్టు పిల్లగాడే. వైర్లు చుట్టుకోవాలి గదా మరి!