పాట తప్ప అంతా మాదే

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో బ్యాక్‌లాగులతో పాటు తప్పకుండా వచ్చేది కవర్ సాంగ్. గింబల్ ఎవడి దగ్గరుంటే వాడు డీఓపీ. కారున్నవాడు నిర్మాత. గడ్డం సరిగ్గా మొలిచినవాడు హీరో. ఏదీ లేనివాడు దర్శకుడు. హీరోయిన్ వేట మాత్రం సెమిస్టర్ పొడుగునా సాగుతుంది. ఎవరింట్లోనూ ఒప్పుకోరు కాబట్టి, మొహం చూపకుండా ఎగిరే చున్నీ, పట్టీల కాళ్లతో సరిపెట్టే గొప్ప 'కాన్సెప్ట్' పుడుతుంది.

తర్వాత కథ. పాట ఎంత హుషారైనదైనా రెండో చరణానికల్లా అమ్మాయికి యాక్సిడెంట్ అయితీరాలి. పాట రాసినాయన ఆ మాట ఎక్కడా అనలేదే అని అడక్కూడదు. సాహిత్యం ఆయన పని, చంపడం వీళ్ల పని.

లొకేషన్లకు కొదవ లేదు. ప్రేమకు అనంతగిరి కొండలు, విరహానికి భీమిలి బీచ్, ఆత్మపరిశీలనకు దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. 2021లో కీవ్‌లోని అధ్యక్ష భవనం ముందు 'నాటు నాటు' తీశారు. వాళ్లకు అనుమతి దొరికింది. మనవాళ్లకు దొరికేది ట్రాఫిక్ పోలీసు వచ్చేలోపు వ్యవధి.

అసలు కళ స్లో మోషన్‌లో ఉంది. మనిషి నెమ్మదిగా కదలాలి, పెదాలు మాత్రం పాటతో కలవాలి. అందుకని సెకనుకు 50 ఫ్రేములు తీసి, 25 లెక్కన చూపిస్తారు. షూటింగ్‌లో పాటను రెట్టింపు వేగంతో వేస్తారు. బ్లూటూత్ స్పీకర్లోంచి గాన గంధర్వుడు కీచురాయిలా కూస్తుంటే, హీరో ఆ వేగానికి పెదాలాడిస్తూ అదే ఊపులో కన్నీరు కార్చాలి. ఈ కష్టాన్ని పట్టించుకోని అవార్డులు ఎందుకో!

కాపీరైట్ చట్టం మాత్రం కాస్త వెనకబడి ఉంది. మొదట రికార్డయి ఐదేళ్లు దాటిన పాటను కొత్త గొంతుతో పాడి రికార్డు చేసుకోవడానికి 2012 సవరణ ఒక దారి చూపింది: ముందుగా నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం 50 వేల కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. అదీ ఆడియోకే. వీడియో తీయాలంటే హక్కుదారుణ్ణి అడగాల్సిందే. అడగడమంటే ఈమెయిల్ రాయడం, ఈమెయిల్ రాయడమంటే సబ్జెక్ట్ లైన్ ఆలోచించడం. అంత తీరిక ఎవరికుంది? 2017లో తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దంటూ ఇళయరాజా ఏకంగా బాలుగారికే నోటీసు పంపించారు. బాలుగారికి తట్టని ఉపాయం మనవాళ్లకు తట్టింది: వీడియో కింద 'కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం మాకు లేదు' అని రాసేయడం. గోడ దూకుతూ 'దొంగతనం ఉద్దేశం లేదు' అని బోర్డు పట్టుకున్నట్టు.

చట్టానికి జాలి లేదనలేం. విద్యాసంస్థ కార్యక్రమాల్లో విద్యార్థులు పాటను ప్రదర్శించుకోవచ్చట, ప్రేక్షకులు తోటి విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రులకే పరిమితమైతే. యూట్యూబ్‌లో ఎక్కించినా వీళ్ల వీడియో చూసేది సరిగ్గా వాళ్లే. అందులోనూ అధ్యాపకులు చూడరు.

ఇక టైటిల్స్. పాట నాలుగు నిమిషాలు, పేర్లు నిమిషమున్నర. బిర్యానీ తెచ్చినవాడికీ, బైకిచ్చిన బావకూ, వర్షం పడనందుకు దేవుడికీ కృతజ్ఞతలు. రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు వెతికితే కళ్లు నొప్పి.

ఆ లోటు తీర్చేది 2007 నుంచి యూట్యూబ్‌లో కాపలా ఉన్న కంటెంట్ ఐడీ. పిచ్ అరమెట్టు పెంచినా, మధ్యలో హీరో దగ్గు కలిపినా చాలాసార్లు పట్టేస్తుంది. ఈ వ్యవహారం మొత్తంలో పాటను శ్రద్ధగా విని, ఇది ఫలానావారిదని పేరు పెట్టి చెప్పింది ఆ యంత్రమొక్కటే. ప్రకటనల మీద నాలుగు రూపాయలొస్తే అవీ అసలు హక్కుదారులకే మళ్లించగలదు.

ప్రస్తుతం దర్శకుడుగారు దాని మీద అభ్యంతరం దాఖలు చేసే పనిలో ఉన్నారు. కారణం అడిగిన గడిలో టైపు చేస్తున్నారు: 'ఇది పూర్తిగా మా సొంత సృష్టి.'