తీగ ఒకటి, లెక్కకు రెండు

ఒకదాన్ని రెండుగా కోస్తే సగం వస్తుందని మూడో తరగతిలోనే మనకు నేర్పి చెడగొట్టారు. టెలిఫోన్ శాఖల గణితం వేరు. అక్కడ ఒకదాన్ని రెండుగా కోస్తే రెండే వస్తాయి. రాగి తీగల జత ఒక్కటే. దాని కొసన ఒక చిన్న పెట్టె బిగిస్తే రెండిళ్లలో రెండు ఫోన్లు మోగుతాయి. నంబర్లు రెండు, బిల్లులు రెండు, ప్రగతి నివేదికలో కనెక్షన్లు రెండు. ఈ విద్యను ఇంజినీర్లు పెయిర్ గెయిన్ అంటారు. భాగహారం చేసి గుణకారమని రాసుకునే విద్య కాబట్టి ప్రభుత్వాలకు తెగ నచ్చింది.

చిక్కంతా బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక మొదలైంది. మనిషి మాటకు తీగలో 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా చోటుంటే చాలు. ఆ పైన దాదాపు 11 లక్షల హెర్ట్జ్ దాకా ఖాళీగా పడి ఉన్న జాగాలో ఏడీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ నడుస్తుంది. కింద మాట, పైన నెట్, ఒకదాని జోలికి ఒకటి పోదు. రెండిళ్ల తీగలో ఆ ఖాళీ ఉండదు. రెండు గొంతులనూ అంకెలుగా మార్చి పంపడానికి పెట్టె ఆ జాగాలోకి చొరబడి కూర్చుంటుంది. పైగా ఎక్స్ఛేంజీ నుంచి ఇంటిదాకా తీగ ఎక్కడా తెగకుండా రావాలి. మధ్యలో పెట్టె అడ్డం పడితే మోడెం దీపం తెల్లవార్లూ మిణుకుమంటుందే తప్ప నిలకడగా వెలగదు.

ఇదంతా లైన్‌మన్‌ను అడిగితే నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడు.

"అన్నా, ఫోన్ మోగుతంది గదా, నెట్ ఎందుకు వస్తలేదు?"

"మీది రెండిండ్ల తీగ సార్. మాటయితే పోతది, నెట్ పోదు."

"అయితే వేరే తీగ ఎయ్యరాదు?"

"తీగ ఉంటే గీ పెట్టె ఎందుకు పెడ్తం సార్?"

ఆయన మీద కోప్పడకండి. దేశ టెలికాం చరిత్ర మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పాడు. అదే సంగతిని ఢిల్లీ వాళ్లు విధానపత్రంగా అచ్చు వేస్తారు.

ఈ పాపం మన ఒక్కరిదే కాదు. అమెరికా పల్లెల్లో ఒకే తీగ మీద నాలుగైదు ఇళ్లు బతికేవి. ఎవరి గంట వాళ్లు గుర్తుపట్టి ఫోనెత్తాలి, పక్కింటి గంటకు ఎత్తితే పక్కింటి సంసారం వినొచ్చు. బ్రిటన్‌లో బీటీ కంపెనీ డాక్స్ అనే పెట్టెతో ఒక తీగను ఇద్దరికి పంచింది. బ్రాడ్‌బ్యాండ్ కావాలని ఫోన్ చేసే దాకా తమది సగం తీగేనని చాలామందికి తెలియనే లేదు. అయినా వాళ్లది చిన్న చెయ్యి. ఇద్దరికో నాలుగైదు ఇళ్లకో పంచి అలసిపోయారు.

మనం పదిహేను ఊళ్లకు పంచాం. ప్రతి ఊరికీ 1997 కల్లా ఫోన్ ఇస్తామని 1994 జాతీయ టెలికాం విధానం మాటిచ్చింది. మాటకు తీగ చాలలేదు కాబట్టి గాలిని పంచారు. దాని పేరు మార్, అంటే మల్టీ యాక్సెస్ రూరల్ రేడియో. అందులో 2/15 అని ఒక రకం ఉండేది. రేడియో దారులు రెండు, వాటి మీద ఆధారపడిన ఫోన్లు పదిహేను. రెండు ఊళ్ల వాళ్లు మాట్లాడుతుంటే మిగతా పదమూడు ఊళ్లు మౌనవ్రతం పట్టాలి. పురిటినొప్పులైనా పాముకాటైనా వరుసలోనే. లెక్కలో మాత్రం పదిహేను ఊళ్లకూ ఫోన్ వచ్చినట్టే. అవి మొరాయించీ మొరాయించీ చివరికి 2002 తర్వాత ఆ బాపతు గ్రామ ఫోన్లను మార్చడానికి యూఎస్‌ఓ అనే సార్వత్రిక సేవల నిధిలో చెయ్యి పెట్టాల్సి వచ్చింది. దేశమంతటా మార్చినవి 1.8 లక్షలకు పైనే. ఆ నిధి కంపెనీల ఆదాయంలోంచి వచ్చేది, కంపెనీల ఆదాయం మన జేబులోంచి. ఉన్న ఊరికి ఫోన్ రెండుసార్లు ఇచ్చి రెండుసార్లు దండ వేయించుకున్న ఘనత ఇంకే దేశానికీ దక్కి ఉండదు.

ఆ మీదట 2004లో బ్రాడ్‌బ్యాండ్ విధానం వచ్చింది. సెకనుకు 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలన్నారు. 2010 నాటికి రెండు కోట్ల కనెక్షన్లన్నారు, ఆ ఏడాది ముగిసేసరికి సగం దాటడానికే ఆయాసం వచ్చింది. తీగ ఉన్నా ఎక్స్ఛేంజీకి నాలుగైదు కిలోమీటర్లు దాటితే ఏడీఎస్‌ఎల్‌కు ఊపిరి ఆడదు. మన జిల్లానే చూడండి, సిద్దిపేట ఎక్స్ఛేంజీ సిద్దిపేటలో ఉంటే నంగునూరు, చిన్నకోడూరు ఎక్కడున్నాయో మ్యాపు చూడక్కరలేదు, బస్సెక్కితే తెలుస్తుంది.

తర్వాత గాజు తీగ యుగం. 2011లో కేంద్రం రెండున్నర లక్షల పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేస్తామంది, 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చింది. పంచాయతీకి 100 మెగాబిట్లు. వినడానికి గొప్పగా ఉంది కదా? నాలుగు వందల ఇళ్ల ఊరికి పంచి చూడండి. ఇంటికి 250 కిలోబిట్లు. అంటే 2004 నాటి 256కు ఇంకా ఆరు తక్కువ. అందరూ ఒకేసారి వాడరు కదా అంటారు ఇంజినీర్లు. మార్ ఫోన్లప్పుడూ అదే అన్నారు. ఇంటర్ ఫలితాల రోజున, ఐపీఎల్ ఫైనల్ రాత్రి ఏ ఊళ్లో ఎవరు ఆగుతారో వాళ్లే వచ్చి చెప్పాలి.

మన జిల్లాకు ఇందులో ప్రత్యేక స్థానం ఉంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ పక్క కోమటిబండలో ప్రధాని మోదీ మిషన్ భగీరథను ప్రారంభించారు. నీళ్ల పైపుల కోసం తవ్విన కందకంలోనే ఫైబర్‌కూ గొట్టం వేస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. తవ్వకం ఒకటే, హామీలు రెండు. చూశారా, పెయిర్ గెయిన్ ఎక్కడికీ పోలేదు, మట్టిలోకి దిగింది. నీళ్లు ముందొచ్చాయి. నెట్ కోసం 2024 డిసెంబర్ దాకా ఆగితే టీ-ఫైబర్ పేరుతో ఆ నెట్‌ను నాలుగు ఊళ్లలో ప్రయోగంగా మొదలుపెట్టారు. అందులో మద్దూరు పేరుంది. మద్దూరు మన సిద్దిపేట జిల్లాలోనూ ఒక మండలం. సంబరపడిన వాళ్లు కొంచెం కూర్చోండి, అది నారాయణపేట జిల్లా మద్దూరు, ముఖ్యమంత్రి గారి కొడంగల్ నియోజకవర్గంలోది. పార్టీలు మారితే తీగ పోయే దిక్కు మారుతుంది గానీ మనకు మిగిలేది ఎప్పుడూ పేరులో వాటాయే.

ఈలోగా 2016 డిసెంబర్‌లో సిద్దిపేట పక్కనే ఉన్న ఇబ్రహీంపూర్‌ను నగదు లేని ఊరని ప్రకటించారు. దుకాణాలకు స్వైపింగ్ యంత్రాలిచ్చారు, ఫొటోలు దిగారు. యంత్రాల అద్దె భరించలేక దుకాణదారులు వాటిని వెనక్కిచ్చారని తర్వాత వార్తలొచ్చాయి. 2023 జూన్‌లో సిద్దిపేటకు ఐటీ టవర్ కూడా వచ్చింది. టవర్ అద్దాల్లో మబ్బులు చక్కగా కనిపిస్తాయి.

అన్నీ పంచారు సరే, పంచనిది ఒకటుంది. రెండిళ్ల తీగకు అద్దె ఎప్పుడూ సగం కాలేదు. ఇద్దరి దగ్గరా నిండు అద్దే. పదిహేను ఊళ్ల రేడియోకూ ఏ ఊరి వాడూ పదిహేనో వంతు పైసలతో మాట్లాడలేదు. వేగం "గరిష్ఠంగా ఇంత" అని రాస్తారు, బిల్లు "గరిష్ఠంగా ఇంత" అని ఏ కంపెనీ అయినా రాసిందా?

కాబట్టి జిల్లా వినియోగదారులకు ఒక మనవి. ఈ నెల నుంచి బిల్లులో సగమే కట్టండి. కౌంటర్ దగ్గర అడిగితే మిగతా సగం పక్కింటాయన వాటా అనండి. రసీదు మాత్రం పూర్తి మొత్తానికి రాయించుకోండి. రాస్తారు, వాళ్లకు అలవాటే.