నాలుగక్షరాల ఆత్మజ్ఞానం

‘నేనెవరు?’ అని విచారించుకోమన్న రమణ మహర్షి 1896లో తిరువణ్ణామలై చేరి, 1950లో దేహం చాలించేదాకా ఆ కొండ పంచన నుంచి కదలలేదు. పాపం, ఆయన దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు. ఇప్పుడు అదే విచారణ అమీర్‌పేటలో మెట్రో ఎక్కి మొదలుపెడితే హైటెక్ సిటీలో దిగేలోపు పూర్తవుతోంది. ఫలితం కూడా చాంతాడంత ఉండదు. నాలుగే అక్షరాలు: ఐఎన్‌ఎఫ్‌జె. ‘పదహారు రకాల్లో ఇదే అరుదైనదట’ అని పక్కసీటువాడికి చెప్పి జ్ఞాని రైలు దిగుతాడు. పక్కసీటువాడిదీ అదే రకమని తేలడం కొత్తేమీ కాదు. తెలుగునాట అరుదైనవాళ్లు ఇంత కిక్కిరిసి ఉన్నారని మనకు ఇన్నాళ్లూ తెలియలేదు.

మయర్స్-బ్రిగ్స్ అనే ఈ విద్యలో ప్రశ్నలు నాలుగు జోడీలు. జనంలో ఉంటే హుషారొస్తుందా, ఒంటరిగా ఉంటేనా? కంటికి కనబడేదాన్ని నమ్ముతావా, మనసుకు తట్టేదాన్నా? బుర్రతో తేల్చుకుంటావా, గుండెతోనా? అన్నీ ముందే అనుకుని చేస్తావా (జె), అప్పటికప్పుడా (పి)? జోడీకో అక్షరం చొప్పున ఏరుకుంటే నాలుగక్షరాలు, రెండేసి చొప్పున గుణిస్తే పదహారు రకాలు. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశాన్ని పదహారు అరల్లో సర్దేశాక ఇక ఎవరి గురించీ ఆలోచించే పని లేదు.

ముఖ్యంగా తన గురించి. పిన్ని కూతురి పెళ్లిలో వడ్డనకు రమ్మంటే, ‘నేను ఇంట్రోవర్ట్ అత్తయ్యా, జనంలో నా ఎనర్జీ అంతా పోతుంది’ అంటాడు మేనల్లుడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బెనిఫిట్ షో పడినప్పుడు కుర్చీ ఎక్కి కాగితాలు చింపి ఎగరేసిన ఎనర్జీ ఎవరిదో ఆ అత్తయ్యకు అర్థం కాదు. ఆఫీసులో రిపోర్టు ఆలస్యమైతే ‘నాది పి టైపు సార్, డెడ్‌లైన్ పెడితే నా క్రియేటివిటీ చచ్చిపోతుంది’. తోటి ఉద్యోగిని నలుగురిలో నోటికొచ్చినట్టు అన్నాక ‘నేను థింకింగ్ టైపు కదా, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను’. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడికి కనీసం మద్దెల ఉండేది. వీళ్లకు ఆ ఖర్చు కూడా లేదు.

ఇంతకీ ఈ విద్య పుట్టింది ఏ మానసిక శాస్త్ర ప్రయోగశాలలోనూ కాదు. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే గృహిణి, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ ఇంట్లో కూర్చుని కట్టిన కట్టడం. ఇద్దరూ మానసిక శాస్త్రం చదివినవాళ్లు కాదు. కూతురు చదివింది రాజనీతి శాస్త్రం. డిటెక్టివ్ నవల రాసి పోటీలో బహుమతి కూడా కొట్టింది. 1921లో కార్ల్ యుంగ్ జర్మన్‌లో రాసిన మనస్తత్వ రకాల పుస్తకం రెండేళ్లకు ఇంగ్లీషులో వచ్చింది. తల్లి దాన్ని వేదంలా పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ఎవరికి ఏ పని నప్పుతుందో తేల్చడానికని కూతురు ప్రశ్నలు తయారుచేసింది. డిగ్రీ లేకపోవడం నేరమేం కాదు, ఈ తల్లీకూతుళ్ల పట్టుదల ముందు డిగ్రీలున్నవాళ్లు చాలామంది దిగదుడుపే. కానీ మూలపురుషుడు యుంగే, పూర్తిగా అంతర్ముఖుడు గానీ పూర్తిగా బహిర్ముఖుడు గానీ లోకంలో ఉండడన్నాడు. శిష్యులు ఆ ముక్క వదిలేసి మిగతాది అచ్చేశారు. నిజానికి మార్కులు వేసి చూస్తే జనంలో ఎక్కువమంది ఈ జోడీల మధ్యలోనే ఎక్కడో ఉంటారు. యాభై ఒకటి వస్తే ఒక రకం, నలభై తొమ్మిది వస్తే దానికి పూర్తిగా ఎదురు రకం! అందుకే ఐదు వారాలాగి మళ్లీ రాయిస్తే దాదాపు సగంమందికి ఏదో ఒక అక్షరం మారిపోతుందని 1990లలోనే విమర్శకులు ఎత్తిచూపారు.

ఇక్కడే అసలు భక్తులు రంగంలోకి దిగుతారు. ‘టెస్టులు పిల్లకాయలకు. నిజమైన టైపు టెస్టులో దొరకదు, ఆత్మపరిశీలనలో దొరుకుతుంది’ అంటారు. ఈ మాట విన్నాక చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. టెస్టు రాసి ఒక రకమని తేలినవాడు, ఆరునెలలు తనలోకి తాను తొంగి చూసుకుని, ‘ఇన్నాళ్లూ పొరబడ్డాను, నేను ఐఎస్‌ఎఫ్‌పిని కాదు, ఐఎన్‌ఎఫ్‌పిని’ అని ప్రకటిస్తాడు. చూసుకున్నది తనే, చూపించింది తనే, తీర్పిచ్చిందీ తనే. చిత్రమేమిటంటే అధికారిక పద్ధతి చెప్పేదీ ఇదే: ఫలితం ఒక సూచన మాత్రమే, తనకు సరిగ్గా సరిపోయే రకమేదో చివరికి తేల్చుకోవాల్సింది ఆ మనిషే. జ్వరం చూసే థర్మామీటరు ఇలా ఉండి ఉంటే ఎంత బాగుండేది! నూట మూడు చూపించినా, ఆత్మపరిశీలన చేసుకుని తొంభై ఎనిమిది అని మనమే ఖాయం చేసుకుని ఆఫీసుకెళ్లిపోయేవాళ్లం.

మరి లోపలికి తొంగి చూసుకుంటే నిజంగా ఏం కనబడుతుంది? 1977లో నిస్బెట్, విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక ప్రయోగం సంగతి రాశారు. దుకాణంలో బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్లు పరిచి, మంచి జత ఏదో చెప్పమని వచ్చేపోయేవాళ్లను అడిగారు. అన్నీ ఒకటే సరుకు. అయినా ఎడమ చివరి జతతో పోలిస్తే కుడి చివరి జతను దాదాపు నాలుగు రెట్ల మంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత బాగుంది, పనితనం బాగుంది అన్నారు. బల్ల మీద ఉన్న చోటు వల్లేమో అంటే, అడిగినవాణ్ని పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. మేజోళ్ల విషయంలోనే మన మనసు మనకు ఇంత నిజం చెబితే, జీవితం విషయంలో ఎంత చెబుతుందో ఊహించుకోవచ్చు.

ఇంకా ముచ్చటైనది స్వీడన్‌ది. యోహాన్‌సన్, హాల్ బృందం 2005లో ప్రకటించింది. ఇద్దరమ్మాయిల ఫొటోలు చూపించి, ఎవరు అందంగా ఉన్నారో ఎంచుకోమన్నారు. ఎంచుకున్నాక, గారడీవాళ్ల చేతివాటంతో ఫొటో మార్చేసి, ఎంచుకోని అమ్మాయినే చేతికిచ్చి ‘ఈమెనెందుకు ఎంచుకున్నారు?’ అని అడిగారు. చాలామంది మోసం పసిగట్టలేదు సరికదా, కారణాలు గడగడా చెప్పేశారు. చెవులకు జుకాలు నచ్చాయన్నవాళ్లూ ఉన్నారు, మొదట ఎంచుకున్న అమ్మాయికి జుకాలే లేవు! పాపం వీళ్లెవరూ అబద్ధాలకోరులు కారు. అడిగిన ప్రశ్నకు మనసు అప్పటికప్పుడు ఒక కథ అల్లి చేతిలో పెట్టింది, దాన్ని వాళ్లు నిజమని నమ్మారు. అర్ధరాత్రి దాకా మేలుకుని ‘నేను మనసుతో ఆలోచిస్తానా, బుర్రతోనా’ అని తనలోకి చూసుకునేవాడి చేతికొచ్చేదీ అలాంటి జుకాలే.

ఆ కథ తీయగా ఉంటే మరీ మంచిది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన క్లాసులో 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, తర్వాత ఎవరి ఫలితం వారికి విడివిడిగా ఇచ్చాడు. ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులేయమంటే సగటున 4.26 వేశారు. ఆ తర్వాత గుట్టు విప్పాడు: అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులో చాలా వాక్యాలు దుకాణంలో దొరికే జాతకాల పుస్తకంలోంచి ఎత్తినవి. మీలో వాడుకోని శక్తి చాలా ఉంది, పైకి గట్టిగా కనిపించినా లోపల మీకు బెంగ ఉంటుంది అనే ధోరణి. ఈ మాట సరిపోని మనిషి మా వీధిలో ఎవరూ లేరు. మీ వీధిలో ఉంటే చెప్పండి.

జాతకాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అమ్మమ్మ నక్షత్రం అడిగితే నవ్వే కుర్రాళ్లే పదహారు రకాల దగ్గరికొచ్చేసరికి భక్తిగా తలవంచుతారు. అమ్మమ్మ పద్ధతికి శాస్త్రీయత లేదన్నది నిజమే, నేనూ దాన్ని వెనకేసుకురావడం లేదు. కానీ దానిలో ఒక నిజాయతీ ఉంది. 27 నక్షత్రాలను దేవ, మనుష్య, రాక్షస గణాలకు తొమ్మిదేసి చొప్పున పంచారు. అమ్మాయిది ఆశ్లేష అయితే రాక్షస గణమే. ఆత్మపరిశీలన చేసుకున్నాను, నాది పుష్యమి అంటే పంతులుగారు ఒప్పుకోరు. మయర్స్-బ్రిగ్స్‌లో రాక్షస గణం లేనే లేదు. పదహారూ దేవగణమే! ఇసబెల్ మయర్స్ చనిపోయిన 1980లోనే వచ్చిన ఆమె పుస్తకం పేరు ‘గిఫ్ట్స్ డిఫరింగ్’, అంటే అందరికీ వరాలే, వరాలు మాత్రం వేరు వేరు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే టెస్టు రకాలకు పెట్టిన పేర్లు చూడండి: ఆర్కిటెక్ట్, కమాండర్, అడ్వకేట్, ప్రొటాగనిస్ట్. ఆత్మపరిశీలన చేసుకుని ‘నేను పిసినారి రకం’ అని తేల్చుకున్నవాడు ఇంతవరకూ కనబడలేదు.

పోనీ, మన చుట్టూ నిజంగా కనిపించే రకాలతో ఒక పట్టిక వేద్దాం. హోటల్లో బిల్లు రాగానే ఫోన్ మాట్లాడుతూ బయటికి పోయే రకం. పెళ్లిలో మొదటి బంతిలో కూర్చుని చదివింపుల వేళకు మాయమయ్యే రకం. మనం పరిగెత్తుకొస్తుంటే చూస్తూ లిఫ్టు తలుపు మూసే రకం. చేబదులు తీసుకున్న మర్నాటి నుంచి వాట్సాప్‌లో నీలం టిక్కులు ఆపేసుకునే రకం. ఎవరేం చెప్పినా ‘నాకు ముందే తెలుసు’ అనే రకం. పనివాళ్లతో ఒక గొంతు, పై అధికారితో ఒక గొంతు ఉన్న రకం. ఇవి పరీక్షకు నిలిచే రకాలు. వీటిని తేల్చడానికి ఎవరూ తమలోకి తొంగి చూసుకోనక్కర్లేదు. పక్కవాళ్లు చూసి పెట్టారు.

నిజానికి శాస్త్రం కూడా దాదాపు ఇదే అంటోంది. మనకెంత కంగారుందో, లోపల ఎంత బెదురుందో మనకే బాగా తెలుస్తుంది. మన తెలివి ఏపాటిదో, మన ఊహాశక్తి ఏపాటిదో మాత్రం మనకన్నా మన స్నేహితులే సరిగ్గా చెబుతారని 2010లో సిమీన్ వజీర్ అనే పరిశోధకురాలు తేల్చింది. అంటే గొప్పలు పోయే అవకాశం ఉన్నచోట మన సాక్ష్యం చెల్లదు. మరీ లోతుకు పోతే వాల్టర్ మిషెల్ అనే మానసిక శాస్త్రవేత్త 1968లోనే, మనిషి నడత సందర్భాన్ని బట్టి ఎంతో మారుతుందనీ, ఒకచోట చూసిన గుణాన్ని బట్టి మరోచోటి నడతను పెద్దగా చెప్పలేమనీ రాసి పెద్ద దుమారం లేపాడు. బెనిఫిట్ షోలో కాగితాలు ఎగరేసిన మేనల్లుడు దానికి ఉదాహరణ. అతను అబద్ధం చెప్పడం లేదు, పెళ్లిలో వేరే మనిషి, థియేటర్లో వేరే మనిషి. అబద్ధమల్లా ఆ ఇద్దరికీ కలిపి ఒక స్టిక్కర్ అతికించడంలోనే ఉంది.

ఎదుటిపక్షం వాదన ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేను. నలుగురిలో మాట్లాడలేక, ‘మూగిమొద్దు’ అనిపించుకుంటూ పెరిగిన పిల్ల ఒకరోజు తనలాంటివాళ్లు లక్షలమంది ఉన్నారనీ, అది జబ్బు కాదనీ తెలుసుకుని ఊపిరి పీల్చుకుంటే ఆ నాలుగక్షరాల రుణం కొంత ఉన్నట్టే. ఆ ఊపిరి చాలు. అక్కడ ఆగకుండా ఆ అక్షరాలతోనే ఇల్లు కట్టుకుని, తలుపేసుకుని, బయట ‘కాపురం ఉంటున్నాం, పిలవకండి’ అని బోర్డు పెట్టుకోవడంతోనే పేచీ.

పేచీ ముదిరేది కంపెనీల్లో. ఊరి బయట రిసార్టుకు బస్సుల్లో తోలుకెళ్లి, మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక అందరి చేతా ప్రశ్నలకు టిక్కులు పెట్టించి, సాయంత్రానికి ‘మీ టీమ్‌లో జె టైపులు ఎక్కువయ్యారు’ అని శిక్షకుడు నిట్టూరుస్తాడు. జీతాలు పెరగలేదని అడగబోయినవాడు తనది ‘ఫీలింగ్’ టైపని తెలుసుకుని కూర్చుంటాడు. దక్షిణ కొరియాలో ఇది ఇంకా ముదిరి, ఫలానా రకాలవాళ్లే దరఖాస్తు చేసుకోండని ఉద్యోగ ప్రకటనలు వచ్చాయి. 2022 అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థుల నాలుగక్షరాలు కూడా చర్చకొచ్చాయి. తమాషా ఏమిటంటే ఈ టెస్టును అమ్మే కంపెనీయే దీన్ని ఉద్యోగుల ఎంపికకు వాడకూడదని చెబుతోంది. సరుకు అమ్మేవాడే వద్దంటున్నా కొనేవాడు వినడం లేదు.

కాబట్టి హెచ్‌ఆర్ వారికి నాది ఒక్కటే విన్నపం: ఆ కంపెనీ మాటైనా వినండి. పెళ్లి సంబంధాల బయోడేటాలు రాసుకునే అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇంకొకటి. పేరు, గోత్రం, ఎత్తు, ప్యాకేజీ కింద ‘ఐఎన్‌ఎఫ్‌జె’ అని రాసిన లైను కొట్టేయండి. ఆ ఖాళీలో వంట వచ్చో రాదో, అప్పులెంతున్నాయో, కోపమొస్తే ఎన్ని రోజులు మాట్లాడరో రాయండి. మూడోది మాత్రం మీరు రాయకండి, ఇంట్లోవాళ్ల చేత రాయించండి.