సీలు విప్పని రూల్‌బుక్కు

మా రోజుల్లో రూల్‌బుక్కు ఆడే బల్ల మీద ఉండేది. ఇప్పుడు అద్దాల బీరువాలోకి ఎక్కింది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నేను చెబుతున్నది వార్‌హామర్ 40,000 సంగతి. చిన్న చిన్న బొమ్మ సైనికులకు మనమే రంగులేసుకుని, టేపుతో అంగుళాలు కొలిచి జరుపుతూ, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకునే ఆట. కొత్త ఎడిషన్ వస్తోందంటే చాలు, ఇక్కడ ఇంగ్లండులో పెరుగుతున్న మన పిల్లలు వచ్చి అడుగుతారు: "అంకుల్, కలెక్టర్స్ ఎడిషన్ తీసుకోమంటారా?" వద్దు నాన్నా, వద్దు.

మొదటి పుస్తకం 'రోగ్ ట్రేడర్' 1987లో వచ్చింది. రాసినవాడు రిక్ ప్రీస్ట్‌లీ. మా జట్టు మొత్తానికి అది ఒక్కటే ప్రతి. ఈ వారం ఒకరింట్లో, వచ్చే వారం ఇంకొకరింట్లో. అంచుల్లో పెన్సిల్ రాతలు, అట్ట మీద టీ మరకలు. ఏ తుపాకి పట్టిక ఎక్కడుందో చూడకుండానే తీసేవాళ్ళం. ముప్పై మంది ప్లాస్టిక్ స్పేస్ మెరీన్ల పెట్టె కొంటే చెరిసగం పంచుకునేవాళ్ళం. ట్యాంకు కావాలా? ఖాళీ డియోడరెంట్ డబ్బాతో ఎలా చేసుకోవచ్చో ఈ ఆట తయారుచేసే కంపెనీవాళ్ళే అచ్చువేసి చూపించారు! ఆ రూల్సు గందరగోళంగా ఉండేవన్నది నిజమే. తగువు తీర్చడానికి గేమ్‌మాస్టర్‌గా ఇంకో మనిషి కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పటివి వాటికన్నా ఎంతో శుభ్రంగా ఉన్నాయి.

శుభ్రంగా ఉన్నాయి సరే, ఎన్నాళ్ళుంటాయి? రోగ్ ట్రేడర్ తర్వాత రెండో ఎడిషన్ 1993లో వచ్చింది, మూడోది 1998లో. మా పుస్తకం నలిగిపోయేంత కాలం మాకు దొరికింది. ఇప్పుడు చూడండి: 2017, 2020, 2023. మూడేళ్ళకొకటి. అంతకన్నా అన్యాయం, 2012లో ఆరో ఎడిషన్ కొన్నవాళ్ళకి 2014లోనే ఏడోది వచ్చి పడింది. ఈ మధ్యలో సవరణలు వేరు. ఏ సైనికుడికి ఎన్ని పాయింట్లన్నది కొన్ని నెలలకోసారి మారుతుంది, ఆ లెక్కలు పీడీఎఫ్‌గా వస్తాయి. 2023లో పదో ఎడిషన్ మూల నియమాలైతే ఉచితంగానే ఇచ్చారు. ఉగాదికి మారిపోయే పంచాంగానికి బంగారు అంచులు వేయించుకుంటామా?

పాత ఎడిషన్ ఆడుకోకూడదా అంటే, హాయిగా ఆడుకోవచ్చు. హెచ్.జి. వెల్స్ 1913లో రాసిన 'లిటిల్ వార్స్' రూల్సుతో ఇవాళ కూడా ఆడొచ్చు. కానీ అందుకు మనలాగే పాతదాన్ని పట్టుకున్న స్నేహితులుండాలి. షాపులో, టోర్నమెంట్లో నడిచేది కొత్తదే.

పుస్తకంలోని బొమ్మల కోసం, కథ కోసం కొంటామంటారు. ఆ ఇష్టం నాకూ ఉంది. జాన్ బ్లాంచ్ గీసిన చిత్రాల ముందు గంటలు గంటలు కూర్చున్నవాణ్ణి. కానీ కథ, బొమ్మలు మామూలు ప్రతిలోనూ ఉంటాయి. ఎక్కువ డబ్బు పోసేది అట్టకీ, పెట్టెకీ, ప్రతి మీద వేసిన నంబరుకీ. సీలు విప్పితే రేపు అమ్ముకునేటప్పుడు ధర పడిపోతుందని కొందరు విప్పనే విప్పరు. చదవని రూల్‌బుక్కు! పదిమంది చేతులు పడాల్సిన పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోకుండా కాపాడటం చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

కాబట్టి ఆ ఉచిత రూల్సు ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి. నెల రోజులు ఆడండి. అప్పటికీ కథ మీద మనసు పోతే మామూలు ప్రతి కొనుక్కోండి. మిగిలిన డబ్బుతో ఇంకో సైనికుల పెట్టె తెచ్చి, ఈ ఆట ఇంకా తెలియని స్నేహితుడికి అందులో సగం ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకోండి.