మైక్రోస్కోప్ కెమెరాకు తలకిందుల సలహాలు

మెట్టుగూడలో గది తీసుకుని, తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు వచ్చి, జువాలజీలోనో జెనెటిక్స్‌లోనో స్లైడు ముందు కూర్చునే పిల్లల కోసం ఇవి రాస్తున్నాను. చదవగానే తప్పుడు సలహాల్లా అనిపిస్తాయి. సీనియర్లు చెప్పేదానికి చాలావరకు ఎదురు తిరిగే ఉంటాయి. అయినా ఇందులో ఒక్క మాట కూడా సరదాకు అన్నది కాదు.

అన్నిటికన్నా ముందు ఆటో ఎక్స్‌పోజర్ తీసేయండి. సాఫ్ట్‌వేర్ తెరిచేసరికి చాలాసార్లు అక్కడ టిక్కు పెట్టే ఉంటుంది. ఫొటో చక్కగా వస్తుంది, సార్ కూడా బాగుందంటారు. ఆ చక్కదనంతోనే చిక్కు. మందు వేసిన కణాలు మామూలు కణాల్లో సగం వెలుగే ఇస్తున్నాయనుకోండి. వెలుగు తగ్గిందని ఆటో కనిపెట్టి ఎక్స్‌పోజర్ సమయాన్ని రెట్టింపు చేస్తుంది. దాంతో మందు వేసిన స్లైడూ, వేయని స్లైడూ తెరమీద ఒకేలా మెరుస్తాయి. నెలల తరబడి కష్టపడి మీరు రాబట్టిన తేడా ఆ ఒక్క టిక్కుతో పోయింది. సరుకును బట్టి రాళ్లు మార్చే కాటా మీద ఎవరైనా తూయించుకుంటారా?

దీనికి చేయాల్సింది ఒకటే. ఆ రోజు తీయబోయే స్లైడ్లలో అన్నిటికన్నా ఎక్కువ వెలిగేదాన్ని ముందు పెట్టండి. దానికి సరిపడే ఎక్స్‌పోజర్‌ను మిల్లీసెకన్లలో ఖాయం చేసుకోండి. గెయిన్, గామా, దీపం వెలుగు అన్నీ అక్కడే బిగించి మిగతా స్లైడ్లన్నీ అవే అంకెలతో తీయండి. గామా 1 దగ్గరే ఉండాలి. గెయిన్ పెంచితే కొత్త వెలుగేమీ రాదు, వచ్చిన సంకేతంతోపాటు నాయిస్ కూడా పెరుగుతుంది. రంగు కెమెరా అయితే వైట్ బ్యాలెన్స్‌ను స్లైడులో ఖాళీగా ఉన్న చోట ఒకసారి సరిచేసి ఆపేయండి. మసక స్లైడు మసకగానే రావాలి. అది మీ ఫలితం.

రెండో సలహా ఇంకా వింతగా ఉంటుంది: ఫ్లోరోసెన్స్ ఫొటో చీకటిగా తీయండి. 12 బిట్ల కెమెరాలో పిక్సెల్ విలువ 0 నుంచి 4,095 వరకు ఉంటుంది. 4,095ను తాకిన పిక్సెల్ అసలు వెలుగు ఎంతో ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. హిస్టోగ్రామ్ తెరిచి, బాగా వెలిగే చోటు కూడా మూడింట రెండు వంతుల దగ్గరే ఆగేలా చూసుకోండి. తెరమీద నల్లగా కనిపిస్తుందని కంగారు పడొద్దు. చూసుకోవడానికి డిస్‌ప్లే వెలుగు పెంచుకోవచ్చు, దానివల్ల అంకెలు మారవు. ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో బ్రైట్‌నెస్ జరిపాక 'అప్లై' నొక్కితే మాత్రం మారతాయి. ఆ బటన్ జోలికి పోకండి. గీమ్సా, హెచ్ అండ్ ఈ రంగులు వేసిన స్లైడ్ల సంగతి వేరు. వాటిలో ఖాళీ చోటు తెల్లగానే ఉండాలి, కానీ 8 బిట్ల ఫొటోలో గరిష్ఠ విలువైన 255కు కాస్త లోపల ఆగాలి.

ఇక, ఏమీ లేని చోట ఫొటోలు తీయండి. కణం ఒక్కటీ లేని శుభ్రమైన స్లైడు భాగానికి ఒకటి, కెమెరాకు వెలుగు పూర్తిగా ఆపేసి అదే ఎక్స్‌పోజర్‌తో ఇంకొకటి. అసలు ఫొటోలోంచీ ఖాళీ ఫొటోలోంచీ చీకటి ఫొటోను తీసేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మూలల్లో మసక పోతుంది, కెమెరా మీది దుమ్ము మచ్చలూ పోతాయి. అయితే అంతకుముందే ఆగస్ట్ కోలర్ 1893లో చెప్పిన పద్ధతిలో దీపాన్నీ కండెన్సర్‌నూ సరిచేసుకోవాలి. ఆ పని ఎగ్గొట్టి లెక్కతో కప్పిపుచ్చాలనుకుంటే కుదరదు. చీకటి ఫొటో కూడా అదే రోజు, అదే గదిలో తీయాలి. సెన్సర్ వేడి 6, 7 డిగ్రీలు పెరిగేసరికి వెలుగు లేకుండానే పుట్టే సంకేతం ఇంచుమించు రెట్టింపవుతుంది. చల్లబరిచే ఏర్పాటు లేని కెమెరాతో జనవరిలో తీసిన చీకటి ఫొటో మన మే నెలకు పనికిరాదు.

మెగాపిక్సెళ్ల మోజు వదిలేయండి. ఇక్కడ కొంచెం లెక్క చేయక తప్పదు. పచ్చ వెలుగు తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు అనుకుందాం. ఎర్నెస్ట్ ఆబే 1873లో ఇచ్చిన సూత్రం ప్రకారం 1.25 ఎన్ఏ (న్యూమరికల్ ఎపర్చర్) ఉన్న 100ఎక్స్ ఆయిల్ లెన్సు విడదీసి చూపగల అతి చిన్న దూరం 220 నానోమీటర్లు. అది వందరెట్లు పెరిగి సెన్సర్ మీద 22 మైక్రాన్లుగా పడుతుంది. దాన్ని పట్టుకోవడానికి రెండు పిక్సెళ్లు చాలు, అంటే 11 మైక్రాన్ల పిక్సెల్ ఉన్నా పని జరుగుతుంది. 3.45 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరా అదే దూరాన్ని ఆరు ముక్కలు చేస్తుంది. అందులో కొత్త వివరం ఏమీ ఉండదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది. కాబట్టి బ్లాక్ అండ్ వైట్ కెమెరాలో 2 బై 2 బిన్నింగ్ పెట్టండి. నాలుగు పిక్సెళ్ల వెలుగు ఒకటిగా కలుస్తుంది, ఫైలు నాలుగో వంతుకు దిగుతుంది. 10ఎక్స్ లెన్సుకు 0.5ఎక్స్ అడాప్టర్ తగిలించి ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ ప్రతి పిక్సెలూ అవసరమే, బిన్నింగ్ వద్దు.

ఫ్లోరోసెన్స్‌కు రంగు కెమెరా కావాలని కూడా పట్టుబట్టకండి. మామూలు రంగు కెమెరాలో సగం పిక్సెళ్లు పచ్చకు, పావు వంతు ఎరుపుకు, పావు వంతు నీలానికి పోతాయి. ఎర్రగా మెరిసే కణాన్ని చూసేది నాలుగింట ఒక్క పిక్సెలే. ఆ కొద్ది వెలుగును పారబోసుకోవడం ఎందుకు?

లైవ్ ఆపేయండి. లైవ్‌లో పెట్టి పక్కవారితో మాట్లాడుతున్నంతసేపూ దీపం స్లైడును కాలుస్తూనే ఉంటుంది, రంగు మాసిపోతూనే ఉంటుంది. ఫోకస్ పక్క చోట సరిచూసుకుని, వెలుగు తగలని కొత్త చోటికి జరిగి ఫొటో కొట్టండి. ఉచితంగా దొరికే మైక్రోమేనేజర్‌లో ఆటో షట్టర్ అని ఉంటుంది. దాన్ని పెడితే ఫొటో తీసేంతసేపే షట్టర్ తెరుచుకుంటుంది. నేను ఒప్పుకునే ఆటో అదొక్కటే. ప్రతి ఫొటోతోపాటు ఎక్స్‌పోజరూ బిన్నింగూ తనే రాసి ఉంచడం ఆ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే గుణం.

తెరమీద అడ్డగీతలు పాకుతుంటే కెమెరాను తిట్టకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దానిమీద వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఎక్స్‌పోజర్‌ను 10, 20, 30 మిల్లీసెకన్లు అలా పెట్టండి, చాలావరకు పోతాయి.

ఇవన్నీ చేసే ముందు కెమెరా పక్కన పెట్టి, ఐపీసులో కన్ను పెట్టి పెన్సిల్‌తో బొమ్మ గీయండి. ఈ సలహాకు చేతులెత్తేస్తారని తెలుసు. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే అదే లైనులో బేగంపేట వస్తుంది. అక్కడ 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు చూశాడు. చెమటకు ఆయన మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి, ఐపీసు పగిలింది, దోమలు ఎగిరిపోతాయని పంఖా కూడా వేయించుకోలేదు. చూసింది చూసినట్టు నోటు పుస్తకంలో గీసుకున్నాడు. మలేరియా రోగి హుస్సేన్ ఖాన్ రక్తం తాగిన మరో దోమను మర్నాడు కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవిగా కనిపించాయి. అవి దోమలో పెరుగుతున్నాయని తేలింది అక్కడే. 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పుడు మన యూనివర్సిటీదే. నిన్నటి కణాన్నీ ఇవాళ్టి కణాన్నీ ఒకే కొలతతో పోల్చగలగడం మీదే ఆయన ఫలితం నిలబడింది. మీ చేతిలోని కెమెరా చేయాల్సిన పనీ అదే.

పోలిక చెడకూడదు కాబట్టే ఇంకో మాట. హబ్సిగూడ సీసీఎంబీ దగ్గరే కదా అని సగం స్లైడ్లు డిపార్ట్‌మెంటులో, సగం అక్కడ తీయించుకోకండి. ఎంత మంచి మైక్రోస్కోప్ దొరికినా పోల్చాల్సినవన్నీ ఒక్క చోటే తీయాలి. ఫొటో కింద 400ఎక్స్ అని రాయడం మానండి. అది ఐపీసులో చూసే కంటికి చెందిన అంకె, ప్రొజెక్టర్ మీద పెట్టాక దానికి అర్థం లేదు. 1 మిల్లీమీటరును 100 భాగాలు చేసిన స్టేజ్ మైక్రోమీటర్‌ను ప్రతి లెన్సుతోనూ ఫొటో తీసి, దాన్నిబట్టి స్కేల్ బార్ వేయండి. అడాప్టర్ మార్చిన రోజు మళ్లీ కొలవండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోను కొలతకు వాడకండి, జేపెగ్‌లోనూ దాచకండి. అసలు టిఫ్ ఫైలు ఎవరూ ముట్టని ఫోల్డర్లో ఉండాలి.

గైడ్లకు నా విన్నపం. పిల్లలు ఫొటో తెచ్చినప్పుడు బాగుంది, బాగాలేదు అనకముందే హిస్టోగ్రామ్ చూపించమనండి, ఎక్స్‌పోజర్ ఎంత, గెయిన్ ఎంత అని అడగండి. ఆ అంకెలు రాసిన కాగితం ఒకటి ప్రతి మైక్రోస్కోప్ పక్కన గోడకు అంటించండి.