పానాబోధిని: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

మూలం

ముందు చక్రాలు వణకిన మూలమెఱిగి
ట్రాకుబారు బిగింపక డ్యాంపరొకటి
మార్చి మురిసెడు మగవాని మైలురాళ్ళు
నలువదైదున నిలబడి నవ్వుచుండు!

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన కోలాచలం మల్లినాథసూరి మెదక్ సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. ఈ వ్యాఖ్యాత మొదటి షరతు కింద మాత్రమే సంతకం పెడుతున్నాడు. అక్కర్లేనిది చెప్పకుండా బండి సంగతి చెప్పడం ఎవరివల్లా కాదు. పద్యకర్తా వ్యాఖ్యాతా ఒకరే కాబట్టి కవిహృదయం కోసం ఎక్కడా వెతకనక్కర్లేదు. కవిని తప్పుపట్టే ఉద్దేశమూ లేదు.

పద్యంలోని బండి ఏది? అమెరికాలో 2003 నుంచి 2008 దాకా వచ్చిన డాడ్జ్ రామ్ 2500, 3500 ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో ఇలాంటిది కొన్నవాళ్ళు తక్కువ. కొన్నవాడు మాత్రం ఇంటికొచ్చిన చుట్టానికి కాఫీ ఇవ్వకముందే దాని ముందు ఇరుసు గురించి చెప్పడం మొదలుపెడతాడు. ఆ ఇరుసు మోసే బరువు అలాంటిది. కమిన్స్ వారి ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల డీజిల్ ఇంజను ఒక్కటే దాదాపు 500 కిలోలు తూగుతుంది. దాని కింద రెండు చక్రాలనూ కలుపుతూ ఒకటే ఇరుసు ఉంటుంది.

ప్రతిపదార్థం

ముందు చక్రాలు = ఒకే ఇరుసుకు రెండు కొసల్లో ఉన్న చక్రాలు (కార్లలో ఏ చక్రం ఊపు దానిదే కాబట్టి కార్లకు ఈ పద్యం చెల్లదు); వణకిన = వణికిపోగా; మూలము = అసలు కారణాన్ని; ఎఱిగి = తెలుసుకొని (ఎఱుగుట అనగా బండి కింద పడుకుని చూచుట; నలుగురు చెప్పగా వినుట కాదు); ట్రాకుబారు = ఇరుసు పక్కకు జరగకుండా దాన్ని చాసిస్‌కు కట్టి ఉంచే అడ్డకడ్డీని; బిగింపక = బిగించకుండా; డ్యాంపరు + ఒకటి = స్టీరింగ్ కడ్డీల పక్కన అడ్డంగా పడుకోబెట్టిన షాక్ అబ్జార్బరు నొకదాన్ని; మార్చి = పాతది తీసి కొత్తది వేసి; మురిసెడు = మురిసిపోయే; మగవాని = మగవాణ్ణి చూసి; మైలురాళ్ళు = రోడ్డు పక్క మైళ్ళ గుర్తులు (అక్కడివి రాళ్ళు కావు, ఆకుపచ్చ రేకులు; రేకులు నవ్వితే బాగుండదని కవి రాళ్ళు చేశాడు); నలువదైదున = గంటకు 45 మైళ్ళ వేగం దగ్గర; నిలబడి = కదలక నిలిచి; నవ్వుచుండు = నవ్వుతూ ఉంటాయి.

అన్వయ విచారం

‘మూలమెఱిగి బిగింపక’ అన్నచోట చిక్కుంది. నిషేధం ఎంతవరకు పాకుతుంది? మూలం తెలిసి కూడా బిగించలేదు అని ఒక అన్వయం. మూలం తెలుసుకోనూ లేదు, బిగించనూ లేదు అని రెండోది. మొదటిది తీసుకుంటే వాడు బద్ధకస్తుడు, రెండోది తీసుకుంటే అజ్ఞాని. రెండూ లోకంలో ఉన్నవే కాబట్టి కవి కావాలనే రెంటికీ తావు ఇచ్చాడు. డ్యాంపరు విప్పి బిగించడం అరగంట పని. ఇంకేమీ ఊడదియ్యనక్కర్లేదు, చేతులు పెద్దగా మురికి కావు, కొత్త డ్యాంపరు రంగు కూడా బాగుంటుంది. మనిషి మురవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

వణకు అంటే

దీన్ని అక్కడి డ్రైవర్లు డెత్ వాబుల్ అంటారు. పంచకావ్యాలు చదివినవారు మృత్యుకంపం అనుకోవచ్చు. వంతెన మీద అతుకు దగ్గరో, చిన్న గుంతలోనో ఒక చక్రం ఎగిరిపడుతుంది. ఆ కుదుపు ఇరుసు గుండా రెండో చక్రానికి అందుతుంది. అది తిరిగి మొదటిదాన్ని తంతుంది. రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ ఎడాపెడా కొట్టుకుంటాయి. స్టీరింగ్ చేతుల్లో నిలవదు, అద్దంలో వెనక బండి నాలుగైదుగా కనిపిస్తుంది. స్టీరింగ్‌ను మెలిపెట్టకుండా పట్టుకుని వేగం తగ్గించుకుంటూ దాదాపు ఆగేదాకా రావడమే మార్గం. ‘నిలబడి’ అన్న పదం మైలురాళ్ళకే కాదు, కాకాక్షి న్యాయంగా బండికీ వర్తిస్తుంది.

ఇది పాత రోగమే. 1930లలో ఒకే ఇరుసున్న కార్లను ఇది పీడించేది. రోల్స్ రాయిస్ నుంచి అమెరికా వెళ్ళిన మారిస్ ఆలీ అనే ఇంజనీరు జనరల్ మోటార్స్‌లో కూర్చుని దీన్ని శోధించాడు. 1934 మోడళ్ళకు ఆ కంపెనీ ముందు చక్రాలను దేనికది విడగొట్టింది. కార్లు అలా బయటపడ్డాయి. బరువు మోసే పికప్పులు మాత్రం గట్టితనం కోసం పాత ఇరుసునే పట్టుకున్నాయి, పట్టుకున్నందుకు వణుకూ పడుతున్నాయి. అదే జనరల్ మోటార్స్ వారి పెద్ద పికప్పుల్లో ముందు చక్రాలు విడివిడిగా ఉంటాయి. వాటికి ఈ వణుకు లేదు. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లు తెగే బాధ వేరే ఉంది. దానికి వేరే పద్యం కావాలి.

ట్రాకుబారే ఎందుకు?

మన లారీల్లో కమాన్ కట్టలు బరువూ మోస్తాయి, ఇరుసును నాలుగు వైపులా పట్టుకునీ ఉంటాయి. ఆటోనగర్‌లో ఎవరినైనా ట్రాకుబారు అడిగితే వింతగా చూసేది అందుకే. ఈ రామ్‌లో ముందు ఉన్నవి చుట్ట స్ప్రింగులు. స్ప్రింగు బరువు మోస్తుంది అంతే, ఇరుసు ఎటు పోయినా దానికి పట్టదు. ముందుకీ వెనక్కీ పోకుండా నాలుగు కంట్రోల్ ఆర్ములు ఆపుతాయి. పక్కకు పోకుండా ఆపేది ఒక్క ట్రాకుబారు. దాని ఒక కొస డ్రైవరు వైపు చాసిస్‌కు, రెండో కొస అవతలి వైపు ఇరుసుకు. ఆ కొసల్లో బుష్ అరిగినా, బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చినా ఇరుసు చిటికెడు జరుగుతుంది. స్టీరింగ్ తిప్పకుండానే చక్రం తిరిగినట్టవుతుంది. వణుకు పుట్టడానికి ఆ చిటికెడు చాలు.

పూర్వపక్షం

కొందరు టైర్ల బ్యాలెన్సింగే కారణం అంటారు. టైరు మార్చాక వణుకు పోయిందని సాక్ష్యం చెబుతారు. దీనికి సమాధానం: టైరు నిమిత్త కారణం, వదులు ఉపాదాన కారణం. బ్యాలెన్సు లేని టైరు ఒక వేగం దగ్గర సన్నగా ఊగిస్తుంది, వేగం మారితే మానుతుంది. గుంతతో రాజుకుని ఆగమన్నా ఆగనిది మాత్రం ఎక్కడో వదులు ఉన్నచోటే పుడుతుంది.

మరికొందరు, డ్యాంపరు మార్చాక నెలరోజులు వణుకు రాలేదు, ప్రత్యక్షానికి మించిన ప్రమాణం ఉందా అంటారు. లేదు. కొత్త డ్యాంపరులోని నూనె ఊపును మింగుతుంది, మింగినంత కాలం బాగుంటుంది. లోపల బోల్టు మాత్రం తన రంధ్రాన్ని తిని పెద్దది చేసుకుంటూనే ఉంటుంది. నెలన్నర తర్వాత వచ్చే వణుకు పాతదానికన్నా పెద్దది. అప్పుడు మైలురాళ్ళు నవ్వుతాయి. కవి చూసి రాసిన మాట ఇది.

ఎఱుగు విధం

ట్రాకుబారు చూసేటప్పుడు చక్రాలు నేల మీదే ఉండాలి. జాకీ మీద ఎత్తితే బరువు పోయి వదులు దాక్కుంటుంది. ఇంజను ఆన్ చేసి ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా, గబగబా ఆడించాలి. ఇంకొకరు కింద పడుకుని ట్రాకుబారు కొస మీద వేళ్ళు పెట్టాలి. చాసిస్ బ్రాకెట్ కదలకుండా బారు ఒక్కటే కదిలితే, వేలి కింద చిన్న ‘టక్కు’ తగిలితే, మూలం దొరికినట్టే. తర్వాత టై రాడ్ ఎండ్‌లు, స్టీరింగ్ బాక్సు షాఫ్టు, ఆ పైన చక్రం ఎత్తి బాల్ జాయింట్లు, హబ్ బేరింగులు వరుసగా చూసుకోవాలి. ఒకటి దొరికిందని లేచి వచ్చేవాడికి రెండోది మళ్ళీ కింద పడుకోబెట్టి చూపిస్తుంది.

బాల్ జాయింట్లలో ప్లే ఉంటే వాటిని మార్చకుండా పైపైన కొత్త కడ్డీలు తొడగడం దండగ. టై రాడ్ ఊడదీయడానికి ఫోర్కు దిగ్గొడితే రబ్బరు తొడుగు చిరిగిపోతుంది. నట్టు కొంచెం వదులు చేసి, చక్రాన్ని మోసి తిప్పే నకిల్ పక్కన సుత్తితో రెండు దెబ్బలు గట్టిగా వేస్తే టేపరు దానంతటదే విడుస్తుంది. ఈ పని చదివి రాదు.

బిగించుటలో రహస్యం

రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి జాకీ మీద ఉండగా బిగించకూడదు. అలా బిగిస్తే రబ్బరు ఆ వంపులోనే పట్టుకుపోయి, బండి దిగగానే మెలిపడి, త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాక, కంపెనీ చెప్పిన లెక్కకు టార్క్ పానాతో బిగించాలి. బిగించినవాడూ బిగించనివాడి కింద లెక్కే అయ్యే సందర్భం ఇదొక్కటే. కవి ‘బిగింపక’లో దీన్ని కూడా దాచాడు.

అప్‌గ్రేడు ప్రకరణం

2008 దాకా ఈ బండ్లకు వచ్చిన స్టీరింగ్ కడ్డీల అమరికను వై అంటారు. స్టీరింగ్ బాక్సు కింది పిట్‌మన్ ఆర్మ్ నుంచి డ్రాగ్ లింకు అనే కడ్డీ అవతలి చక్రం దాకా పోతుంది. డ్రైవరు వైపు చక్రం నుంచి వచ్చే టై రాడ్ పోయి ఆ డ్రాగ్ లింకు మధ్యలో తగులుకుంటుంది. చక్రాలు పైకీ కిందికీ ఆడినప్పుడల్లా ఆ కోణం మారి, రెండు చక్రాల ముఖాలు ఒకదానికొకటి దగ్గరవడమో దూరమవడమో జరుగుతుంది. 2009 మోడలుకు కంపెనీయే దీన్ని మార్చి టీ అమరిక తెచ్చింది. లావుపాటి టై రాడ్ ఒక నకిల్ నుంచి రెండో నకిల్‌కు తిన్నగా పోతుంది, డ్రాగ్ లింకు వచ్చి దానికి తగులుకుంటుంది. ఇరుసు ఎంత ఎగిరినా చక్రాల మధ్య ఎడం మారదు. ఈ సామానంతా పాత 2003–2008 బండ్లకు బోల్టులతోనే ఎక్కుతుంది. ఈ బండికి చేయించుకోదగిన అప్‌గ్రేడు ఏదంటే వ్యాఖ్యాత ఓటు దీనికే. దానితోపాటు స్టీరింగ్ బాక్సు షాఫ్టు కింది కొసను బేరింగుతో పట్టుకునే బ్రేసు వేసుకుంటే పెద్ద టైర్ల లాగుడు బాక్సు ఒక్కదాని మీదే పడదు.

బండిని ఎత్తు చేయించుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. ట్రాకుబారూ డ్రాగ్ లింకూ జోడెడ్లు. రెండూ ఒకే వాలులో నడవాలి. ఎత్తు కిట్ వేస్తే రెండూ మరింత ఏటవాలు అవుతాయి, ఇరుసు డ్రైవరు వైపుకు జరుగుతుంది. పొడవు సవరించుకునే ట్రాకుబారు వేసి ఇరుసును నడిమికి తేవాలి. ఒకదాని బ్రాకెట్ దించి రెండోదాన్ని వదిలేస్తే గుంత పడ్డప్పుడల్లా బండి తనకు తోచిన దారి పడుతుంది.

పాఠాంతరాలు

మూడో పాదంలో కొందరు ‘మహనీయు’ అని చదువుతారు. గణం చెడదు, వెటకారం పెరుగుతుంది, గ్రాహ్యమే. నాలుగో పాదంలో ‘ఏబదైదున’ అన్న పాఠం ఉంది. వణుకు 45 దగ్గరే కాదు, 55లోనూ 65లోనూ వస్తుంది కాబట్టి అర్థానికి లోటు లేదు. కానీ ‘నవ్వు’తో యతి పోతుంది. వణుకు ఏ వేగంలోనైనా రావచ్చు గాని యతి చెడకూడదు కదా అని దాన్ని తిరస్కరించాం. నలువదైదు ఉపలక్షణం, పై వేగాలన్నీ అందులోకే వస్తాయి.

అధ్యాహారం

పద్యంలో అలైన్‌మెంట్ మాట లేదు. నాలుగు పాదాలు అప్పటికే నిండాయి. కాబట్టి తెచ్చుకోవాలి: కొత్త కడ్డీలు వేశాక టో (చక్రాల ముఖాల ఎడం) సరిచేయించాలి, కింది కంట్రోల్ ఆర్ముల దగ్గరున్న క్యామ్ బోల్టులతో క్యాస్టర్ (చక్రం తిరిగే కీలు వాలు) చూపించుకోవాలి. స్టీరింగ్ వంకరగా నిలిచిందని స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి తిప్పి పెట్టేవాళ్ళున్నారు. అది డ్రాగ్ లింకు మీది సర్దుబాటు గొట్టంతో సరిచేయాల్సిన పని. ఒక 500 మైళ్ళు తిరిగాక అన్ని బోల్టులనూ మళ్ళీ పానాతో చూసుకోవాలి. డ్యాంపరు అప్పటికీ పాతబడి ఉంటే అప్పుడు, ఆఖర్న, మార్చుకోవచ్చు. దానికెంత అవుతుందన్నది ఛందస్సు పరిధిలోకి రాదు.